గిడ్డంగి లెక్కలో చేరని ప్రాణములు



గిడ్డంగి యను మాట మన భాషలో మిక్కిలి ప్రాతది. సరకు పడియుండు చోటని దాని యర్థము. మన తూర్పుతీరపు రేవులనుండి యోడలెక్కి యీ మాట మలయదేశమునకు పోయి యచ్చట గుదంగు అయ్యెననియు, అచ్చటినుండి పాశ్చాత్యవర్తకుల నోట బడి గోడౌను అయి మరల మన యూళ్లకే వచ్చెననియు భాషాశాస్త్రజ్ఞులు కొందఱు చెప్పుదురు. తమిళుల కిడంగు అను పదము దీనికి తోబుట్టువు. సరకుతోకూడ మాటలును దేశాంతరములకు పోవును, తిరిగివచ్చును. సరకుతోకూడ కథలును పోవును. సరకు అమ్ముడుపోయి, వర్తకుడు గతించి, ఓడలు వేఱొక రేవునకు మరలిన తరువాత గూడ కొన్ని కథలు ఆ చోటనే నిలిచియుండును. అట్టి యొక గిడ్డంగిని గూర్చియు, దానిలో నిలిచిపోయిన కథను గూర్చియు నేడు మనము విచారింతము.

ఆ గిడ్డంగి కలకత్తా నగరమున శోభాబజారు రేవుచెంత హుగ్లీనది యొడ్డున నున్నది. వంగదేశీయులు దానిని పుతుల్‌బాడి యందురు. పుతుల్ అనగా బొమ్మ, బాడి అనగా ఇల్లు; మన మాటలో బొమ్మలిల్లు. మేడ పైకొనలయందు రోమకశిల్పరీతిని మలచిన ప్రతిమలు నిలిచియుండుటచేత ఆ పేరు వచ్చినది. అవి గాలికిని వానకును శిథిలమై, కొన్నింటికి అవయవములు లోపించి, క్రిందివీథిని పోవువారిని చూచుచున్నట్లుండును.

ఆ ప్రదేశమునకు పూర్వనామము సుతానుటి. నూలుబేరము జరుగు సంత యగుటచేత ఆ పేరు కలిగెను. జాబ్ చార్నాక్ అను ఆంగ్లవర్తకుడు 1690వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీని దిగినది అచ్చటనే. సుతానుటి, గోవిందపురము, కలికాత అను మూడు గ్రామములే క్రమముగా పెరిగి మహానగర మయ్యెను. ఖిదిర్‌పూరు ఓడరేవు 1892లో తెఱవబడువఱకును ఆ నగరపు టెగుమతి దిగుమతులు చాలవఱకు నదీతీరమునందే జరిగినవి. పెద్దయోడలు నదిలో లంగరు వేసి నిలుచును. వానినుండి సరకు పడవలలో గట్టునకు చేరును. తూర్పువంగము, అస్సాము మొదలగు చోట్లనుండి జనుము, వరి, నీలిమందు, పట్టు, మసాలాదినుసులు నదులవెంబడి దిగివచ్చును. ఈ రాకపోకలనుబట్టియే గట్టుపొడుగున గిడ్డంగులు వెలసినవి. క్రిందియంతస్తున సరకు, పైయంతస్తులలో కాపురము, నదివైపు విశాలమైన ద్వారములు, మందమైన గోడలు. ఇది యా కట్టడముల తీరు. పుతుల్‌బాడియు ఇట్టిదే యని చెప్పుదురు.

గిడ్డంగి వ్యవహార మెట్లుండునో వర్తకకుటుంబములవారికి మేము చెప్పబనిలేదు. మూట దిగినతోడనే తూకమువాడు తూచును. గుమాస్తా దినచిట్టాలో వ్రాయును. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కును. ఏ మూట ఎప్పుడు వచ్చినది, ఎవనిది, ఎంత తరుగు పోయినది, ఎంత నిలవయున్నది, ఎవని ఖాతాకు ఎంత జమ, అన్నియు నుండవలెను. ఒక బస్తా తక్కువైనచో గుమాస్తాకు రాత్రి నిదురలేదు. వస్తువు పోయినయెడల అడుగువా డొకడుండును. గిడ్డంగి యనునది ఇట్టి జాగ్రత్తకు నిలయము. ఈ మాటను మీరు మనస్సున నుంచుకొనుడు. మఱల దీనికడకు రావలసియున్నది.

ఇక ఆ యింటిని గూర్చిన కథ యేమి? పూర్వ మచ్చట ఐశ్వర్యవంతులైన బాబులు విలాసములు సల్పుచుండిరనియు, దిక్కులేని స్త్రీలను రప్పించి చెఱచి, ఎదురాడినవారిని చంపించిరనియు, ఆ స్త్రీల ప్రేతములు నేటికిని పైయంతస్తులలో తిరుగుచున్నవనియు జనులు చెప్పుకొందురు. రాత్రివేళ గాజుల చప్పుడు, అందెల రవళి, ఆడువారి నవ్వులు వినవచ్చునట. ఈ కథ ఎంత వ్యాపించినదనగా, వేడుకకై వచ్చు యువకుల తాకిడి తాళలేక ఆ యింట కాపురమున్నవారు దయ్యముల మాట అబద్ధమనియు, అనుమతిలేక లోనికి రావలదనియు ద్వారముకడ ప్రకటన వ్రాసి పెట్టుకొనవలసివచ్చెను. గృహస్థుల నిమ్మళమును చెఱచుచున్నవి ప్రేతములు కావు. చేత చిత్రయంత్రములు పట్టుకొని చీకటిలో తొంగిచూచు మనుష్యులే.

దయ్యములు కలవా లేవా యను ప్రశ్నను ముందుగా తీర్చుకొందము. న్యాయవాదవృత్తిలో నున్నవారికి దీనిని విచారించుటకు ఒక మంచి కొలబద్ద గలదు. నోటిసాక్ష్యము ప్రత్యక్షమైనది కావలెనని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము విధించెను. చూచినదని చెప్పదగిన విషయమును చూచినవాడే చెప్పవలెను. వినినదని చెప్పదగిన దానిని వినినవాడే చెప్పవలెను. ఆ చట్టమునకు మాఱుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ నియమము చెక్కుచెదరక నిలిచియున్నది. దయ్యముల కథలను ఈ కొలబద్దతో కొలువుడు. చెప్పువాడు తాను చూడలేదు. తన మేనమామ చూచెనందురు. మేనమామ నడిగిన, తాను వినినది వీథిచివర దుకాణమువానివలన నని చెప్పును. దుకాణమువా డింకొకని పేరు చెప్పును. ఈ గొలుసునకు మొదటికొన చేతికి చిక్కదు. న్యాయస్థానమున ఒక రూపాయి ఋణమును రుజువుచేయుటకు చాలని సాక్ష్యము లోకనియమమునే తలక్రిందులు చేయుటకు చాలునా?

చప్పుళ్లు వినవచ్చుట నిజమే కావచ్చును. నూఱేండ్లు దాటిన యే నదీతీరపు కట్టడమునందైనను అవి వినవచ్చును. పగలు ఎండకు సాగిన దూలములు రాత్రి చల్లబడి కుంచించునప్పుడు కిఱ్ఱుమనును. సున్నపుగోడలు తేమ పీల్చి పెచ్చులూడి రాలును. హుగ్లీలో ఆటుపోటులు గలవు. పోటువేళ నీరు గట్టును తాకు మ్రోత ఖాళీగదులలో మాఱుమ్రోగును. తలుపుటాకుల సందులనుండి గాలి చొచ్చి యీల వేయును. ఎలుకలును గబ్బిలములును రాత్రివేళనే సంచరించును. అదిగాక 1984లో ఆరంభమైన చక్రాకార రైలుమార్గము ఆ గట్టువెంబడియే పోవుచున్నది. రైలు పోవునప్పుడు ప్రాతకట్టడము లదరుట వింతకాదు. ఈ చప్పుళ్లకు గాజులనియు అందెలనియు పేరు పెట్టునది చెవి కాదు, ముందుగా విన్న కథతో నిండియున్న మనస్సు. కథ తెలియనివానికి ఆ చప్పుడు తలుపు చప్పుడే.

మఱియు ఈశ్వరుని నమ్మినవానికి ప్రేతభయము తగదు. సర్వవ్యాపియు, దయామయుడును అగు నొక్క ప్రభువు ఈ జగత్తునంతయు పాలించుచున్నాడని ఉదయమున ప్రార్థించి, రాత్రికాగానే యొక పాడుమేడను ప్రేతముల యేలుబడికి విడిచిపెట్టువాని ప్రార్థన యెట్టిది? ఈశ్వరుడు లేని చీకటి యెక్కడను లేదు. భయము భక్తికి సవతి. రెండును ఒక్క హృదయమున కాపురముండజాలవు.

ఇంతవఱకు మాతో అందఱును ఏకీభవింతురని యెఱుగుదుము. చదువుకొన్నవారికి దయ్యములను నవ్వి త్రోసివేయుట సులభము. కాని యా నవ్వుతో మన విధి తీరినదా? తీరలేదని చెప్పుటకే యీ ప్రసంగము. పామరుడు కథను విని భయపడును. పండితుడు విని నవ్వును. ఇరువురును ఆ కథలో నేమున్నదో చూడక వెడలిపోవుదురు. మేము మిమ్ములను ఒక్క క్షణము నిలిచి చూడుడని వేడుచున్నాము.

ఈ కథలో నేరము చేసినవా డెవడు? బాబు. నేరమునకు గురియైనవా రెవరు? దిక్కులేని స్త్రీలు. మఱి రాత్రివేళ జనులు భయపడునది ఎవరికి? ఆ స్త్రీలకు. బాబు ప్రేతమై తిరుగుచున్నాడని చెప్పువా రెక్కడ? అతని కత్తికి, అతని త్రాగుబోతు కేకలకు వెఱచి ఆ వీథిని విడిచిపోవువా రెవరు? ఒక్కరును లేరు. చంపినవానికి విశ్రాంతి కలిగినది, చచ్చినవారికి కలుగలేదు. చెఱచినవాడు కథలో పేరులేక తప్పించుకొనెను. చెఱుపబడినవారు తరతరములుగా పిల్లలను బెదరించుటకు ఉపయోగపడుచున్నారు. బ్రదికియున్నప్పుడు అన్యాయము చేసినది ఒక్క యిల్లు. చచ్చినపిమ్మట అన్యాయము చేయుచున్నది ఊరంతయు.

వంగదేశమున ప్రేతములకు గూడ జాతిభేదములు కల్పించియున్నారు. బ్రాహ్మణుడు చచ్చి ప్రేతమైనచో బ్రహ్మదైత్యు డగును, మారేడుచెట్టుపై నివసించును, నమస్కరించినవారికి మేలు చేయును. పెండ్లికాని స్త్రీ కోరిక తీరక చచ్చినచో పేత్ని యగును. ఆమె వికృతరూపిణి, పురుషులను పట్టి చంపును. పెండ్లియైన స్త్రీ శంఖపుగాజులతో చచ్చి ప్రేతమైన శాంక్‌చున్ని యగును. ఇతరుల కాపురములను చూచి అసూయపడి వారిని పట్టును. మన దేశమున బ్రహ్మరాక్షసుని కథలకును కామినీదయ్యముల కథలకును గల భేదమును తలచుకొనుడు, ఇంచుమించుగా ఇదియే. అనగా లోకమున ఎవరికి గౌరవము గలదో వారికి శ్మశానము దాటిన తరువాతను గౌరవమే. ఎవరికి తృణీకారము గలదో వారికి అచ్చటను తృణీకారమే. ఇది పరలోకవార్త యని యెట్లు నమ్మవచ్చును? ఇది మన లోకపు నీడ. మన యింటిలోని వ్యవస్థయే గోడమీద పడి పెద్దదై కనబడుచున్నది.

ఇచ్చట న్యాయవాదులుగా మే మొక జాగ్రత్త చెప్పవలెను. పుతుల్‌బాడిలో ఫలానివాడు ఫలానిదానిని చంపెనని మేము చెప్పము. వినికిడితో దయ్యమును రుజువుచేయరానిచో, వినికిడితో హంతకుని గూడ రుజువుచేయరాదు. ఆ యింటివారికి, నాటివారికి గాని నేటివారికి గాని, నిందయంటుట అన్యాయము. కాని యా కథ యే కాలమును గూర్చి చెప్పబడుచున్నదో యా కాలపు ఆచారములు వినికిడి కావు; వ్రాతపూర్వకముగా నున్నవి. బాబుల విలాసములను కాళీప్రసన్న సింహుడు 1862లో హుతోమ్ ప్యాంచార్ నక్షా యను గ్రంథమున తీవ్రముగా పరిహసించెను. అంతకంటె బలమైన సాక్ష్యము చట్టముల గ్రంథములలోనే గలదు.

1868వ సంవత్సరమున ఆంగ్లప్రభుత్వము సాంక్రామికరోగముల చట్టము నొకదానిని చేసెను. ఆ సంవత్సరపు 14వ చట్టమగుటచేత కలకత్తావాసులు దానిని పదునాలుగవ చట్టమని పిలిచిరి. వేశ్యావృత్తిలో నున్నదని తోచిన ప్రతి స్త్రీయు పోలీసువారికడ పేరు వ్రాయించుకొనవలెను, నియమితకాలములందు బలవంతపు వైద్యపరీక్షకు లోబడవలెను, తప్పినచో శిక్ష. ఈ చట్టము భటులను రోగమునుండి కాపాడుటకు పుట్టినది. స్త్రీలను దుర్మార్గులనుండి కాపాడుటకు కాదు. ఇరువది సంవత్సరములు నిలిచి 1888లో రద్దయ్యెను.

మహాశయులారా, ఇందాక చెప్పిన ఆవర్జాను ఇప్పుడు తలచుకొనుడు. నదిగట్టు గిడ్డంగులలో జనుపబేళ్లకు లెక్కయుండెను. మసాలామూటలకు లెక్కయుండెను. ఈ నిర్భాగ్యురాండ్ర కొఱకును తుదకొక పుస్తకము తెఱవబడెను. కాని యది వారికి జరిగిన యన్యాయమును వ్రాయు పుస్తకము కాదు, వారినే నేరస్థుల వరుసలో నిలుపు పుస్తకము. వారికడకు వచ్చిన పురుషుల పేరులు వ్రాయుటకు ఒక్క పుటయు కేటాయింపబడలేదు. బస్తా తక్కువైన అడుగువాడుండెను. ఆడుది కనబడకపోయిన అడుగువాడు లేకపోయెను. లెక్కలో చేరని ప్రాణములే కథలలో చేరినవి. వ్రాయవలసినవాడు వ్రాయనిదానిని పామరజనుల నోరు తనకు తోచిన రీతిని, వంకరగా, భయముతో కలిపి, మఱువక దాచియుంచినది. ప్రేతకథ యనగా మా యభిప్రాయమున నింతియే: సకాలమున వినబడని మొఱ.

వినబడినచో నేమగును? దానికి నిదర్శనము గూడ అదే నగరమున గలదు. ఫూల్‌మణి యను పదునొకండేండ్ల బాలిక, తనకంటె ఎన్నో యేండ్లు పెద్దవాడైన భర్త సంసర్గముచేత రక్తము కాఱి మరణించెను. ఈ యభియోగము 1890లో కలకత్తా ఉన్నతన్యాయస్థానమున విచారింపబడెను. బిడ్డ తల్లి న్యాయస్థానమున నిలిచి తాను చూచినది చెప్పెను. కాని నాటి శిక్షాస్మృతి ప్రకారము పదియేండ్లు దాటిన భార్యవిషయమున భర్తపై బలాత్కారనేరము మోపుటకు వీలులేకుండెను. అజాగ్రత్తచేత గాయపఱచెనను స్వల్పనేరముక్రింద అతనికి ఒక్క సంవత్సరపు కఠినశిక్ష మాత్రము పడెను. దేశమంతట అలజడి పుట్టెను. అప్పటికే కొన్ని యేండ్లుగా మలబారి మహాశయుడు బాల్యవివాహములకు విరోధముగా వ్రాయుచుండెను. ఆచారమును తాకరాదని పెద్దపెద్దవారు సభలు చేసిరి. అయినను 1891లో సమ్మతివయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచు చట్టము వెలువడెను.

పండ్రెండేండ్లు! నేడు దానిని తలచిన సిగ్గగును. కాని చట్టముయొక్క చరిత్రలో ఆ రెండేండ్లు మిక్కిలి విలువగలవి. అవి యొక చచ్చిన బాలిక మనకు వదలిన యాస్తి. ఇచ్చట ఒక్కటి గమనింపుడు. ఫూల్‌మణి దయ్యమైనదని ఎవరును చెప్పరు. ఏ పాడుమేడలోను ఆమె యందెలు మ్రోగవు. ఏలయన ఆమె పక్షమున ఒక తల్లి నోరు విప్పినది. ఒక న్యాయస్థానము వినినది. చాలీచాలనిదైనను ఒక తీర్పు వచ్చినది. తరువాత ఒక చట్టము వచ్చినది. ఎవరి మాట వినబడినదో వారు చరిత్రలో చేరుదురు. ఎవరి మాట వినబడలేదో వారు దయ్యములలో చేరుదురు. మరణించుచున్నవారి వాంగ్మూలమునకు మన సాక్ష్యచట్టము ప్రత్యేకస్థానము నిచ్చినది. చచ్చినవారి మాటను గూడ న్యాయస్థానము వినును. కాని యా మాటను వారి కంఠమున ప్రాణముండగా ఎవరైన వినియుండవలెను. ఇదియే నియమము, ఇదియే ధర్మము.

ఇది వంగదేశపు మాటయని మన తెలుగువారు తృప్తిపడరాదు. కలవారి పెండ్లిండ్లలో భోగముమేళములు లేనిదే పరువు నిలువదని తలచిన కాలము మన దేశమునను ఉండెను. వీరేశలింగముగారును, తరువాత రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును ఆ యాచారముపై నెత్తినప్పుడు వారిని పరిహసించినవారు చదువురానివారు మాత్రమే కారు. పట్టభద్రులును, మాన్యులును ఉండిరి. కళ నశించునని కొందఱు, ఆచారము చెడునని కొందఱు వాదించిరి. ఆ స్త్రీలకు చిన్ననాట ఇంకొక మార్గము చూపబడెనా యని యడిగినవారు కొలదిమంది. దేవదాసీసమర్పణమును నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లో వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1988లో మఱల ప్రత్యేకచట్టము చేయవలసివచ్చినది. ఒక చట్టము చేసిన నలువదియొక్క సంవత్సరములకు మఱియొకటి కావలసివచ్చెననగా, నడుమ ఎందఱి మొఱలు వినబడలేదో మీరే యూహింపుడు.

అంతేకాదు. ప్రేతకథలలో నేరస్థుని విడిచి బాధితురాలికి వెఱచు బుద్ధి, ప్రేతములు లేనిచోటను పనిచేయుచునే యున్నది. అత్తింట హింస కోర్వలేక ఒక కోడలు మాటాడుట మానినను, కేకలు వేసినను, ఆమెకు దయ్యము పట్టినదని భూతవైద్యుని పిలుచు గృహములు నేటికిని గలవు. వేపమండలతో కొట్టబడునది ఆమెయే. ఏమి బాధ యని యడుగబడునదియు ఆమెయే కాదు. తెలంగాణపు పల్లెలలో బాణామతి చేసిరని యనుమానించి స్త్రీపురుషులను హింసించుట, చంపుట, మన యెఱుకలోని సంగతి. బీహారు 1999లోను, మహారాష్ట్రము 2013లోను ఇట్టి దురాచారములపై చట్టములు చేసినవి. దిక్కులేని ముసలిదానిని మంత్రగత్తె యనుటయు, చంపబడిన పడుచుదానిని దయ్యమనుటయు ఒకే తప్పిదము. రెండింటను బలహీనురాలు భయంకరి యగును. బలవంతుడు అమాయకు డగును.

భారతకథలో ద్రౌపది నిండుసభలో నొక ప్రశ్న వేసెను. తన్ను తా నోడినవానికి తన్ను పణముగ నొడ్డు నధికార మున్నదా యని యామె యడిగినది. అది యేడుపు కాదు, న్యాయశాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న. భీష్మాదులు ధర్మము సూక్ష్మమని చెప్పి యూరకుండిరి. చిన్నవాడైన వికర్ణు డొక్కడు నోరు విప్పెను; అతనిని కసరి కూర్చుండబెట్టిరి. ఆ సభలో దుర్మార్గులు కొలదిమందియే. మిగిలినవా రందఱును మనవంటి మర్యాదస్థులు. పుతుల్‌బాడివంటి కథలకు నిజమైన కర్తలు ఒక్క బాబులే కారు. ప్రక్కయింట నుండి కేక విని, ఇది మన వ్యవహారము కాదని కిటికీ మూసికొన్న మర్యాదస్థులును కర్తలే. వారి మౌనమే ముందుతరమువారికి దయ్యమై పోయినది.

కావున మనము చేయవలసిన దేమి? ప్రాతగిడ్డంగులను చూడబోవుట మంచిదే. కాని భయముయొక్క రుచికై పోకుడు. అచ్చట తూకము వేసినవారిని, బస్తాలు మోసినవారిని, మేడపై బందీలైనవారిని తలచుకొనుటకు పొండు. అచ్చట కాపురమున్నవారి నిమ్మళమును గౌరవింపుడు. పిల్లలు దయ్యముల కథ అడిగినచో కసరి నోరు మూయింపకుడు. దయ్యము లేదని చెప్పుడు. చెప్పి, ఈ కథ ఏల పుట్టినదో గూడ వారి వయస్సునకు తగిన మాటలతో చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ యింటిలోను, మీ వీథిలోను, మీ కచ్చేరిలోను బ్రదికియున్న స్త్రీ యొకతె తనకు జరిగినదానిని చెప్పవచ్చినప్పుడు కూర్చుండి వినుడు. ఆమె మాట నిజమో కాదో తరువాత విచారింతురు గాక, ముందు వినుడు. తేదీ వేసి వ్రాసికొనుడు. బస్తాకు చూపిన జాగ్రత్త ప్రాణమునకు చూపుడు.

ఇట్లన్నచో కొందఱు, సర్వసాక్షి యగు నీశ్వరుడు అన్నియు చూచుచునే యున్నాడు, ఎప్పటికైన ఆయనయే న్యాయము చేయునందురు. నిజమే, ఆయన ఆవర్జాలో ఏ ప్రాణమును తప్పిపోదు. కాని ఈ మాట బాధపడువారి నోట ధైర్యము. చూచుచు నూరకుండువారి నోట నెపము. ఈశ్వరుడు చూచుచున్నాడని నమ్మువాడు తానును చూడవలెను. ఆయన వినుచున్నాడని నమ్మువాడు తానును వినవలెను. ఆయన తన సంతానములో నొక్కరిని గూడ మఱువడని నమ్మువాడు మఱచుటకు సిగ్గుపడవలెను. ఉపాసన యనగా ఆయన గుణములను పొగడుట మాత్రమే కాదు. వానిలో లేశమైనను మన నడవడిలో దించుకొనుట.

కలకత్తాలో 1828వ సంవత్సరమున రామమోహనరాయలు కొలదిమంది మిత్రులతో ప్రథమమున ఉపాసన జరిపినది చిత్పూరు మార్గమున. అది శోభాబజారు రేవునకు దూరము కాదు. ఒకే నగరభాగమున ఒక యింట బాబుల విలాసములు, ఒక యింట నిరాకారుని ధ్యానము. మరుసటి సంవత్సరమే, 1829 డిసెంబరు 4న, సహగమనము నిషేధింపబడెను. ధ్యానము చేసినవారు ప్రక్కవీథిలోని యేడుపును వినిరి. వినినందుననే ఆ ధ్యానము ధ్యానమైనది.

ఓ పరమేశ్వరా! లెక్కలలో చేరనివారి లెక్క నీకడ నున్నది. పేరులేక పోయినవారి పేరులు నీవెఱుగుదువు. చీకటికి వెఱచు పామరత్వమునుండి మమ్ము విడిపింపుము. చీకటిని చూచి నవ్వి తొలగిపోవు గర్వమునుండియు మమ్ము విడిపింపుము. చచ్చినవారి గాజులచప్పుడు వినబడెనని భ్రమించు చెవులకు, బ్రదికియున్నవారి మాట వినబడునట్లు చేయుము. బలహీనులకు మేము దిక్కగుదుము గాక. మా కాలమున మా మౌనమువలన ఏ యింటను ఒక్క దయ్యపుకథయైనను క్రొత్తగా పుట్టకుండుగాక. ఓం శాంతిః శాంతిః శాంతిః.